ఐదో దండ

డెబ్బయ్యో నిమిషంలో మేనేజర్ని మళ్లీ తీసేశారు.

ఈ మ్యాచ్‌లోనే ఇది నాలుగోసారి. గీత పక్కన నిలబడ్డ అధికారి అంకెల పలక పైకెత్తాడు. ఎర్ర దీపాల్లో సున్నా వెలిగింది. బయటికి పోవలసినవాడి నంబరు అది. పక్కనే పచ్చ దీపాల్లో ఇంకో సున్నా వెలిగింది. లోపలికి రావలసినవాడి నంబరు ఇది. రెండు సున్నాలూ వాసుపల్లి ధనరాజే.

"దయచేసి వినండి," అంది మైకులో నూకరత్నం. ఆవిడ ఏళ్ల తరబడి బస్ కాంప్లెక్సులో బస్సుల రాకపోకలు ప్రకటించి, డిప్యుటేషన్ మీద స్టేడియానికి వచ్చింది. ఆవిడ గొంతులో ఏ వార్తయినా పాడేరు బస్సులాగే వినిపిస్తుంది. "మేనేజరు శ్రీ ధనరాజు గారు విధుల నుంచి రిలీవ్ అయ్యారు. తదుపరి మేనేజరు శ్రీ ధనరాజు గారు మరికొద్దిసేపట్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం... క్షమించాలి, బెంచీ దగ్గరకి వచ్చును."

గ్యాలరీలో ఎవరూ నవ్వలేదు. విశాఖ తీరం జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. ఇది సీజన్లో ఆఖరి మ్యాచ్. డ్రా చేస్తే లీగులో ఉంటారు, ఓడితే కింది లీగుకి పోతారు.

ధనరాజు బెంచీ మీంచి లేచి, నీళ్ల సీసా తీసుకుని, గీత దాటి బయట నిలబడ్డాడు. తీసేసినప్పుడు ఎలా నడవాలో అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. తల దించకూడదు, ఎత్తకూడదు. సరిగ్గా ఎదర చూస్తూ, బస్సు కోసం వెళుతున్నవాడిలా నడవాలి. యూరప్‌లో ఎనిమిది క్లబ్బుల్లో అలాగే నడిచాడు.

కానీ ఈసారి అతని చూపు మాటిమాటికీ గడియారం మీదికి పోతోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆఖరి విజిల్ మోగుతుంది. అది మోగేసరికి తను బెంచీ మీద ఉంటాడా, గీత బయట ఉంటాడా?

ఎందుకంటే మేనేజరుగా ధనరాజు తన జన్మలో ఒక్క సీజన్ కూడా పూర్తి చేయలేదు.

పోర్టు జట్టుకి ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాక, శిక్షణ కోర్సు అంటూ పోర్చుగల్ వెళ్లాడు. అక్కడ సార్డీన్ చేపలు పట్టే రేవులో ఒక క్లబ్బు అతన్ని మేనేజరుగా పెట్టుకుంది. కొత్త మేనేజరు వచ్చాడన్న ఊపులో మొదటి మ్యాచ్ గెలిచారు. చలికాలానికల్లా తీసేశారు. తీసేశారని ఎవరూ చెప్పలేదు. క్లబ్బు వంటావిడ అతని కంచం పెట్టడం మానేసింది. తర్వాత బెల్జియం. తర్వాత ఏడాది పొడుగునా వాన కురిసే స్కాట్లండ్ ఊరు. ఆ తర్వాత గ్రీసులో ఒక ఓడల యజమాని క్లబ్బు. ఆయన ఓడలు మునిగినప్పుడు కెప్టెన్లని ఉంచి మేనేజర్లని తీసేసేవాడు.

ఎనిమిది దేశాల్లోనూ ఒక్కటే ఆచారం. క్లబ్బు యజమాని పేపరువాళ్లని పిలిచి "మాకు మేనేజరు మీద సంపూర్ణ విశ్వాసం ఉంది" అంటాడు. ఆ మాట చెవిన పడగానే ధనరాజు సూట్‌కేసు సర్దుకునేవాడు. రానురాను సర్దడం కూడా మానేశాడు. అసలు విప్పితేగా!

ఆఖరి మ్యాచ్ నాడు బెంచీ మీద కూర్చుని, ఆఖరి విజిల్ విని, కుర్రాళ్లతో చేతులు కలిపి, ఆ రాత్రి ఇంటికెళ్లి సూట్‌కేసు విప్పి చొక్కాలు బీరువాలో పెట్టుకోవాలి. యాభయ్యొకటో ఏట ధనరాజు కోరిక అంతే. అందుకే సొంత ఊరి క్లబ్బు పిలిస్తే పరుగెత్తుకొచ్చాడు.

క్లబ్బుని నడిపేది తీరప్రాంత క్రీడా ప్రోత్సాహక మండలి. దాని చైర్మన్ కర్రి సత్యానందం గారు. ఫుట్‌బాల్ ఎంతమంది ఆడతారో ఆయనకి తెలియదు గాని, దాన్ని ఎవరు ప్రారంభించాలో బాగా తెలుసు. మెంబర్ సెక్రటరీ ఉపద్రష్ట కామేశం గారు. మత్స్యశాఖలోనూ, దేవాదాయంలోనూ పనిచేసి వచ్చారు. చేపలకీ దేవుళ్లకీ వర్తించిన నిబంధనలు బంతికి ఎందుకు వర్తించవన్నది ఆయన ప్రశ్న.

ఇంటర్వ్యూలో కామేశం గారే అడిగారు. "మీ యూరప్ అనుభవ సారాంశాన్ని మండలి పరిశీలనార్థం సంక్షిప్తంగా నివేదించండి."

"ఎనిమిది క్లబ్బులండి. ఎనిమిదింట్లోనూ మొదటి మ్యాచ్ గెలిచానండి. అసలు కష్టాలన్నీ రెండో మ్యాచ్ నుంచేనండి," అన్నాడు ధనరాజు, తన మీద తనే జోకు వేసుకుంటున్నాననుకుని.

సభ్యులు నవ్వారు. కామేశం గారు నవ్వలేదు.

"అనగా విజయానికి కారణం మేనేజరు కాదు, మేనేజరు యొక్క కొత్తదనం అని భావించవచ్చునా?"

"భావించొచ్చండి," అన్నాడు ధనరాజు మొహమాటానికి.

ఆ మొహమాటం ఖరీదు అతనికి వారం తర్వాత తెలిసింది. మొదటి మ్యాచ్ గెలిచారు. ఊరంతా టపాసులు కాల్చింది. మర్నాడు పొద్దున్నే అతని గుమ్మంలో రిలీవింగ్ ఆర్డరు పడింది. ధనరాజు నిట్టూర్చి, విప్పని సూట్‌కేసు పట్టుకుని వీధిలోకొచ్చేసరికి కామేశం గారు జీపు దిగుతున్నారు.

"ఎక్కడికండీ బయల్దేరారు?"

"తీసేశారు కదండీ."

"తీసేశాం. పది గంటలకి మీ జాయినింగ్ ఉంది. ఆలస్యంగా వస్తే మెమో ఇవ్వవలసి ఉంటుంది."

"నన్ను తీసేసి... మళ్లీ నన్నేనా?"

"రెండో మ్యాచ్ నుంచే కష్టాలని మీరే సెలవిచ్చారు. అందుచేత మండలి రెండో మ్యాచ్‌ని రద్దు చేసింది. ఇకమీదట మనం ఎల్లప్పుడూ మొదటి మ్యాచే ఆడతాం. మీరు ఎల్లప్పుడూ కొత్త మేనేజరే." కామేశం గారి కళ్లలో తడి మెరిసింది. "యూరప్‌వాళ్లకి ఇంతకాలం ఈ ఆలోచన ఎందుకు రాలేదో!"

పది గంటలకి మండలి ఆఫీసులో రెండు కుర్చీలు వేశారు. ధనరాజు ఎడమ కుర్చీలో కూర్చుని విజిలు, తాళాలు, బంతుల సంచీ బల్ల మీద పెట్టాడు. లేచి కుడి కుర్చీలో కూర్చుని వాటిని తీసుకున్నాడు. అప్పగించినవాడుగా ఒక సంతకం, స్వీకరించినవాడుగా ఒక సంతకం చేశాడు. రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయని ఆడిట్‌వాళ్లు అభ్యంతరం చెప్పారు. అప్పట్నుంచీ రెండోది ఎడంచేత్తో చేశాడు.

తర్వాతి మ్యాచ్ కూడా గెలిచారు. అవతలి జట్టువాడే తన గోల్లో తను కొట్టుకున్నాడు. అయితేనేం, సిద్ధాంతం రుజువైంది. కామేశం గారికి శాలువా కప్పారు.

మూడో మ్యాచ్ ఓడిపోయారు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. కొత్తదనం ఎక్కడ లీకైంది? విచారణ జరిపితే ఆటగాళ్లు మేనేజర్ని గుర్తుపట్టేస్తున్నారని తేలింది. గుర్తుపడితే ఇంకేం కొత్తదనం? వెంటనే సర్క్యులర్ వచ్చింది. పాత మేనేజరుకి తెలిసిన సంగతులు కొత్త మేనేజరు తెలిసినట్టు ప్రవర్తించరాదు. ఆటగాళ్లు మేనేజర్ని ఎన్నడూ చూడనట్టు చూడవలెను.

ప్రతి శనివారం ధనరాజు జట్టుని వరసగా నిలబెట్టి పేర్లు అడగడం మొదలుపెట్టాడు.

"నీ పేరేంటి బాబూ?"

"మైలపిల్లి సింహాద్రండి," అన్నాడు కెప్టెను. అతను ధనరాజు పుట్టిన పేటలోనే పుట్టినవాడు. గొంతు తగ్గించి, "గురూగారూ, మొన్న మా ఇంటికాడ పీతలకూర తిన్నారు. అదీ మర్సిపోనారేటి?" అన్నాడు.

"ఆ తిన్నవాణ్ణి తీసీసినార్రా. నాను వేరే," అన్నాడు ధనరాజు.

"మరి ఆడు ఇంకో గిన్ని అట్టుకుపోనాడు. అదెవుడిస్తాడు?"

నాలుగో మ్యాచ్ కూడా పోయింది. ఈసారి లోపం స్వాగతంలో ఉందని తేల్చారు. కొత్తగా వచ్చే మేనేజరుకి లాంఛనంగా స్వాగతం లేకపోతే అతను కొత్తవాడని అతనికే ఎలా నమ్మకం కలుగుతుంది? కనక జట్టు కెప్టెను స్వయంగా గీత దగ్గరకి వచ్చి బంతిపూల దండ వేయవలెను. చైర్మన్ జాయినింగ్ మీద సంతకం చేయవలెను. అది పూర్తయ్యేదాకా మేనేజరు నోరు విప్పరాదు.

అప్పటికీ ఓడిపోతూనే ఉన్నారు. అయితే సిద్ధాంతంలో తప్పు లేదు, మోతాదులో ఉంది. కామేశం గారు మోతాదు పెంచారు. మొదట హాఫ్ టైమ్‌లో కూడా మేనేజర్ని మార్చారు. తర్వాత ఆట మధ్యలో కూడా మార్చడం మొదలుపెట్టారు. ఆట నడుస్తూండగా సింహాద్రి బంతి వదిలేసి గీత దగ్గరకి పరుగెత్తుకొచ్చి దండ వేసేవాడు. రిఫరీ నిబంధనల పుస్తకం ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పాడు. దండ వేయకూడదని అందులో ఎక్కడా లేదు.

ఓడిన ప్రతిసారీ ప్రేక్షకుల మనోభావాల దృష్ట్యా బాధ్యుడి పేరు మైకులో ప్రకటించాలని ఇంకో నిబంధన పెట్టారు. గోలు పడ్డ సమయానికి మేనేజరు బాధ్యతల్లో ఎవరుంటే వారే బాధ్యులు. సీజన్ చివర కూడా అలాగే ఒక పేరు ప్రకటించాలి. ఆ మనిషి ఇక మండలి గడప తొక్కకూడదు. ప్రతి వారం నూకరత్నం ఆలస్యంగా నడిచే బస్సుని ప్రకటించినట్టు ధనరాజు పేరు చదివేది. ఏ సమయానికి ఎవరున్నారని ఎవరూ లెక్క చూడలేదు. ఓడినప్పుడు తప్పు మేనేజరుదేనని యూరప్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"మానీసి ఎలిపోవచ్చు గదా గురూగారూ," అన్నాడొకరోజు సింహాద్రి.

"పోతే తొమ్మిదోది అవుతాదిరా. ఈసారి ఆకరి విజిల్ ఇని గాని కదల్ను. ఏ సంతకం పెట్టమంటే ఆ సంతకం పెడతాను. ఏ చేత్తో అంటే ఆ చేత్తో."

అలా ఇవాళ్టి దాకా నెట్టుకొచ్చాడు.

ఆఖరి మ్యాచ్ కాబట్టి కామేశం గారు పూర్ణా మార్కెట్ నుంచి ఐదు దండలు తెప్పించారు. ఆట మొదట్లో ఒకటి, ఇరవయ్యో నిమిషంలో ఒకటి, హాఫ్ టైమ్‌లో ఒకటి, యాభయ్యైదులో ఒకటి అయిపోయాయి. ఆ ఇరవయ్యో నిమిషంలో దండ వేయడానికి సింహాద్రి ఇటు రాగానే అటు గోదావరి జట్టు గోలు కొట్టింది.

ఇప్పుడు డెబ్బయ్యో నిమిషం. సింహాద్రి అలవాటు చొప్పున గీత వైపు పరుగు మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా! దండ కనబడ్డం లేదు," అని కామేశం గారు రెండు చేతులూ ఊపారు.

సింహాద్రి వెనక్కి వెళ్లిపోయాడు.

కామేశం గారు సంచీ బోర్లించారు. రెండు బంతిపూల రేకులు రాలాయి. ఐదో దండ ఏమైంది? మెల్లగా తలెత్తి వేదిక వైపు చూశారు. ధనరాజు కూడా చూశాడు. ఆటకి ముందు చైర్మన్ గారు కారు దిగగానే ఎవరో భక్తుడు సంచీలోంచి ఒక దండ తీసి ఆయన మెడలో వేశాడు. ఆయన దాన్ని తీయలేదు. నిండుగా, పచ్చగా, మోకాళ్ల దాకా వేలాడుతోంది.

"అడగండి సార్," అన్నాడు ధనరాజు.

"చైర్మన్ గారి మెడలోంచి దండ తీయమని అడగాలా?" కామేశం గారు చెవులు మూసుకున్నారు. "మనిషిని మార్కెట్‌కి పంపించాను. జగదాంబ జంక్షన్లో ట్రాఫిక్ లేకపోతే పావుగంట."

"ఆట అయిపోతుందండీ!"

"దండ లేకుండా మీరు కొత్త మేనేజరు కాజాలరు. పాత మేనేజర్ని తీసేశాం. ప్రస్తుతం మీరు ప్రేక్షకులు. దయచేసి గ్యాలరీలో కూర్చోండి."

ధనరాజు వెళ్లి ముందు వరసలో, పల్లీలు తింటున్న ఒక ఆటో డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

"ఏటి, తీసీసినారా?" అన్నాడతను పల్లీల పొట్లం జాపుతూ.

"తీసీసినారు."

"ఎక్కించుతారా మళ్లీ?"

"దండొస్తే."

"ఓలమ్మో! నా ఆటోకి పొద్దున్నేసిన దండుంది గాని, మల్లెపూలు. పనికొస్తాదేటి?"

"బంతిపూలని రాసినార్రా."

అప్పుడు ధనరాజు మైదానంలోకి చూశాడు. ఏదో తేడాగా ఉంది. కాసేపు అర్థం కాలేదు. తర్వాత మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు. పదకొండు మంది! ఎన్ని వారాలైంది పదకొండు మందీ ఇంతసేపు ఒకేచోట ఆడి! ఎవరూ గీత వైపు పరుగెత్తడం లేదు. ఎవరూ పేర్లు చెప్పడం లేదు. బంతి కాలి నుంచి కాలికి వెళుతోంది.

అతను ఉండబట్టలేక లేచి అరిచాడు. "సింవ్వాద్రీ! ఎడం పక్కకి ఎల్లు! ఆడి డిఫెండరు కుంటుతన్నాడు సూడు!"

కామేశం గారు గిరుక్కున తిరిగారు. "మీరు సలహా ఇవ్వరాదు!"

"ప్రేక్షకుణ్ణి సార్! టిక్కెట్టు కొన్నవాళ్లందరూ అరుస్తున్నారు!"

"నువ్వు టిక్కెట్టు కొన్నావేటి?" అన్నాడు ఆటో డ్రైవరు గుసగుసగా.

సింహాద్రి ఎడం పక్కకి వెళ్లాడు. కుంటుతున్న డిఫెండర్ని దాటాడు. ఎనభై మూడో నిమిషంలో బంతి గోల్‌కీపరు చేతుల కిందనుంచి దూరి వలలో పడింది.

స్టేడియం లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది చైర్మన్ గారు. టీవీ కెమెరాలు తన వైపు లేవని గమనించి, నూకరత్నం చేతిలో మైకు లాక్కున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ గోలు ఎవరి హయాంలో పడింది? ఆ సమయాన మేనేజరు పోస్టు ఖాళీ! పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు పూర్తి అదనపు బాధ్యతలు ఎవరివి? కామేశం గారూ, చెప్పండి!"

"పదకొండో నిబంధన ప్రకారం చైర్మన్ గారివి," అన్నారు కామేశం గారు, అడిగిన వెంటనే.

"విన్నారా? ఈ గోలు నాది! ఖాళీ సమయంలో పడిన ప్రతి గోలూ నాదే!"

గ్యాలరీలో చప్పట్లు మోగాయి. ధనరాజు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఇరవై ఏళ్లుగా తీసేయించుకుంటూ వచ్చిన మనిషి అతను. తీసేసేవాళ్ల మాటల్లో ఎక్కడ మలుపుంటుందో అతని చెవి ఇట్టే పట్టేస్తుంది.

గబగబా వేదిక ఎక్కాడు. "గొప్ప మాట సార్. ఇలాంటిది గాలికి పోకూడదు. తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి."

"రాయండి!" అన్నారు చైర్మన్ గారు. కామేశం గారు మోకాలి మీద పెట్టుకుని రాశారు. సభ్యులు నిలబడే ఆమోదించారు.

"ఇంకో విన్నపం సార్. కొత్త మేనేజరుకి దండ లేక జాయినింగ్ ఆగిపోయింది. సార్ మెళ్లో ఉంది కదా. కెప్టెనేమో ఆటలో ఉన్నాడు. గోలు కొట్టిన చేతుల్తో సారే వేస్తే..."

ఈసారి కెమెరాలు ఇటే ఉన్నాయి. చైర్మన్ గారు దండ తీసి, రెండు చేతులా ఎత్తి, కెమెరా వైపు చూస్తూ ధనరాజు మెడలో వేశారు. సంతకం కూడా చేశారు. మైదానంలో పదకొండు మందీ ఆడుతూనే ఉన్నారు.

ధనరాజు ఒక్క పరుగున వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. దండ తీయలేదు. తీస్తే మళ్లీ ఏం నిబంధన పుడుతుందో అని రెండు చేతులా పట్టుకున్నాడు. గోదావరి జట్టు రెండుసార్లు మీదికొచ్చింది. ఒక బంతి గోలు కంబానికి తగిలింది. రెండోది సింహాద్రి తలతో ఆపాడు.

ఆఖరి విజిల్ మోగింది.

చిన్న చప్పుడు. ఎనిమిది దేశాలు తిరిగినా వినని చప్పుడు. ధనరాజు అప్పుడు దండ వదిలి లేచాడు. కుర్రాళ్లు వచ్చి మీద పడ్డారు. బంతిపూలు నలిగి, చొక్కా పచ్చబడింది.

"ఇప్పుడైనా నా పేరు గేపకమొచ్చిందేటి గురూగారూ?" అన్నాడు సింహాద్రి.

అప్పుడు చైర్మన్ గారి గొంతు మైకులో మోగింది. "మన జట్టు లీగులో నిలిచింది. మేనేజరు ధనరాజు గారి మీద మాకు సంపూర్ణ విశ్వాసం ఉంది!"

ధనరాజు చెయ్యి దానంతటదే సూట్‌కేసు కోసం వెతికింది.

"అయినప్పటికీ," అన్నారు చైర్మన్ గారు, "సీజనంతా అట్టడుగున పడి ఉన్నందుకు ఎవరో ఒకరు బాధ్యత వహించక తప్పదు. కామేశం గారూ, నిబంధన ప్రకారం బాధ్యుడి పేరు చదివించండి."

కామేశం గారు ప్రతి వారం రాసే పేరే రాయబోయారు.

"సార్, ఒక్క క్షణం," అన్నాడు ధనరాజు, సింహాద్రిని వెంటబెట్టుకుని వేదిక ఎక్కి. "గోలు పడ్డ సమయానికి బాధ్యతల్లో ఎవరుంటే వాళ్లే కదండీ? మన మీద గోల్స్ ఎప్పుడెప్పుడు పడ్డాయో కెప్టెన్ని అడగండి."

"ఎప్పుడేటి బాబూ," అన్నాడు సింహాద్రి ఆశ్చర్యంగా. "నాను దండేత్తన్నప్పుడే గదా! నాను ఇటొచ్చి దండేత్తంటే ఆళ్లటు గోలేసీవోరు. దండలొచ్చినకాడ్నించి ఎన్నెన్ని పడినా అన్నీ అలాగే పడినాయి."

కామేశం గారి కలం ఆగిపోయింది. దండ పడేదాకా జాయినింగ్ లేదు. జాయినింగ్ లేనిదే మేనేజరు లేడు. మేనేజరు లేనప్పుడు పోస్టు ఖాళీ. పెదాలు కదుపుతూ తన నిబంధనలన్నీ ఒకదాని వెనక ఒకటి చదువుకున్నారు. ఇందాకటి తీర్మానం కూడా చదువుకున్నారు. సర్వీసంతా ఆయన నిబంధనలు రాశారు. ఏదైనా పనిచేయడం ఇదే మొదటిసారి చూస్తున్నారు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"అద్భుతం," అన్నారు. "ఎక్కడా సందు లేదు."

"ఏమిటయ్యా అద్భుతం?" అన్నారు చైర్మన్ గారు.

"ఖాళీ సమయంలో పడిన ప్రతి గోలూ తమదేనని తీర్మానం సార్. తమరే ప్రతిపాదించారు. మినిట్స్‌కి ఎక్కిపోయింది."

"అయితే?"

"దండ నిబంధన వచ్చాక మన మీద పడ్డ గోల్సన్నీ తమవే సార్."

"కొట్టెయ్యండి! ఆ మినిట్స్ కొట్టెయ్యండి!"

"ఆమోదించినదాన్ని కొట్టివేయాలంటే తదుపరి సమావేశంలో చైర్మన్ అనుమతి కావాలి సార్. బాధ్యుడు తదుపరి సమావేశానికి రాకూడదు." కామేశం గారు కాగితం మీద పేరు రాసి, వినయంగా వంగి, నూకరత్నం చేతికిచ్చారు.

ఆవిడ చూసింది. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది. "ఇదే సదవమంటారా బాబూ?"

"నిబంధన అమ్మా. స్పష్టంగా చదవాలి."

చైర్మన్ గారు మైకు కోసం చెయ్యి జాపారు. నూకరత్నం కుర్చీ వెనక్కి జరుపుకుంది. బస్ కాంప్లెక్సులో ఎంత తోపులాటలోనైనా ఆవిడ ప్రకటన మధ్యలో ఆపిన పాపాన పోలేదు. ధనరాజు తల దించలేదు, ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి తనది కాని పేరు కోసం ఎదురుచూశాడు.

"దయచేసి వినండి," అంది నూకరత్నం. "ఈ సీజన్ ఓటములకి బాధ్యులైనవారు, తక్షణం ఈ ప్రాంగణం నుంచి బయల్దేరి వెళ్లవలసినవారు, మన చైర్మన్ శ్రీ కర్రి సత్యానందం గారు."